పంపానంది ఊల్కాన్

నరీన్ ఊళ్ళో నవంబరంటే
నది అంచులనుంచి నడుముదాకా గడ్డకట్టే నెల.
ప్రసూతి ఆసుపత్రిలో పదకొండు కంప్యూటర్లు,
రెండు స్విచ్‌లు, వాటికి కాపలా ఒక నేను.
కింద లాబ్, పైన కాన్పుల గది.
మధ్యలో ఇరవై రెండు మెట్లూ
గోడ పట్టుకుని పాకే ఒక బూడిదరంగు కేబులూ.

సాయంత్రం ఆరు దాటితే రక్తం రిపోర్టు పైకెక్కదు.
ఒకరోజు ఎక్కుతుంది, మర్నాడు ఎక్కదు.
పూర్తిగా చచ్చినదాన్ని పట్టుకోవడం తేలిక.
అప్పుడప్పుడూ చచ్చేదే మన ప్రాణం తీస్తుంది.

"పంపాను" అంది ఊల్కాన్, లాబ్ బల్ల వెనకనుంచి.
"రాలేదు" అంది డాక్టర్ సైరా, మెట్లమీంచి.
నేను వంగి చూశాను.
స్విచ్ మీద ఎనిమిది పచ్చ దీపాలు
ఏ పాపమూ ఎరగనట్టు మినుకుమంటున్నాయి.
పెట్టె బాగానే ఉంది, మనుషులే మరిచిపోతారు అన్నాను.
ఊల్కాన్‌కి వినపడేలాగే అన్నాను.

ఆమె మారు మాట్లాడలేదు.
ఆ రాత్రినుంచి ప్రతి రిపోర్టునీ కాగితం మీద కూడా రాసి
తనే మెట్లెక్కి, చేతికిచ్చి,
సంతకం పెట్టించుకుని దిగేది.
యాభై ఆరేళ్ళ మోకాళ్ళు.

నేను నా పనిలో పడ్డాను.
కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను.
కొనలు కత్తిరించి, ఎనిమిది రంగుల తీగల్ని
చిక్కుజుట్టులా దువ్వి, కొత్త క్లిప్పు నొక్కాను.
కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.
పింగ్ కొట్టాను:
పలికింది, పలికింది, పలికింది,
ఆ తర్వాత తాళం వేసిన ఇంటి తలుపు.

పైఅంతస్తు స్విచ్ మీదికి మళ్ళింది అనుమానం.
పాతది. మూత పగిలింది. మొహం చూస్తేనే దొంగ.
పీకి చెత్తలో పడేశాను.
కొత్తది బిష్కెక్‌నుంచి మినీబస్సులో వచ్చింది,
ఎవరి పెళ్ళికో వెళ్తున్న గుర్రపుమాంసం సంచీ పక్కన కూచుని.
మూడు రోజులు బాగుంది.
ఎండ కాసిన మూడు రోజులు.
నాలుగోనాడు మైనస్ ఇరవై ఆరు.
ఆరూ పదికి మళ్ళీ పోయింది.

అప్పుడు స్టూలు లాక్కుని
కింది స్విచ్ ముందు కూచున్నాను మర్నాటి సాయంత్రం,
మంచుకి కన్నం పెట్టి గాలం వేసినవాడిలా.
టీ చల్లారింది.
బయట ఒక్కొక్క కిటికీ వెలుగుతోంది,
ఒక్కొక్క ఇంట్లో హీటరు ఎర్రబడుతోంది,
నా నెత్తిమీద బల్బు కామెర్లొచ్చినట్టు పచ్చబడింది.
మీటరు నూట అరవై ఒకటి దగ్గర వణికింది.
ఎనిమిది దీపాలూ ఒక్కసారి కళ్ళు మూసి
తెరిచాయి.
దీపాలు తిరిగొచ్చాయి గాని పెట్టె తిరిగిరాలేదు.
పావుగంట సేపు అలా వెలుగుతూనే
ఇచ్చింది ఇచ్చినట్టు మింగింది.

అడాప్టరు విప్పితే
వేలి కొసంత కెపాసిటరు, నెత్తి ఉబ్బి,
గోధుమరంగు జిగురు కారి.
మూడువందల సోమ్‌ల వస్తువు.

అయితే ఆమె పంపింది.
పైన వాళ్ళకి రాలేదు.
రెండూ నిజాలే.
అబద్ధమాడిన దీపాన్ని నమ్మి
నేను ఇద్దరిని శిక్షించాను.
ఒకటి మంగళవారం చెత్తబండిలో వెళ్ళిపోయింది.

రెండో మనిషి దగ్గరికి వెళ్ళాను.
మైక్రోస్కోపు మీంచి కన్నెత్తలేదు.
చెప్పాల్సింది చెప్పాను, తిన్నగా రాలేదు మాట,
అడాప్టరు గురించే ఎక్కువ చెప్పాను.
"ఇవాళ ఏడు పంపాను, చూసుకో మిర్‌బెక్" అంది.

చూశాను. ఏడూ చేరాయి.
వెనక్కి తిరిగేసరికి
ఏడు కాగితాలు చేత పట్టుకుని
ఆమె మెట్లెక్కుతోంది.